పాఠం చెప్పిందెవరు

మా అక్క కూతురు పన్నెండో తరగతి గట్టెక్కాలంటే ఒక్క అబద్ధం చెప్పాలి. పరీక్షలు రాసేసింది, మార్కులు వచ్చేశాయి, కాలేజీలో సీటు కూడా దాని పేరున అట్టే పెట్టారు. మిగిలిందల్లా ఆ ఒక్క ముక్క. విద్యాశాఖ నుంచి ఒకావిడ ఇంటికి వస్తుంది, "నీకు పాఠాలు ఎవరు చెప్పారమ్మా?" అని అడుగుతుంది, అది "మా నాన్న" అనాలి. నోరు తెరిస్తే రెండు మాటలు. ఆ రెండు మాటల కోసం మా ఇంట్లో జరిగిన యుద్ధం పగవాడి ఇంట్లో కూడా జరగకూడదు.

దాన్ని మేమందరం పెంకి అనే పిలుస్తాం. ఊరికే పెట్టిన పేరు కాదు, కష్టపడి సంపాదించుకుంది. నేను దానికి పిన్నిని. ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికి మడతలు పెట్టే పని నాది. నోరు కాస్త పెద్దదని పేరుంది, కాదనను. అక్కావాళ్లు ఉండే భవనంలోనే కింద ఒక గదిలో ఉంటాను కానీ, ఆ గదికి వెళ్లేది పడుకోవడానికే. తినడం, తిరగడం, అందరినీ తిట్టడం అంతా పైన అక్క ఇంట్లోనే.

బావ లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మెతక మనిషి. ఆయన నోట్లోంచి ఒక మాట రావాలంటే ముందుగా అర్జీ పెట్టుకోవాలి. అక్క ఇంట్లోనే మిషన్ పెట్టుకుని బట్టలు కుట్టేది. కుట్టేది అని రాస్తున్నాను చూశారా, ఇంకా చెయ్యి అలవాటు పడలేదు.

పెంకికి ఎనిమిదో తరగతిలో ఫిట్స్ మొదలయ్యాయి. క్లాసులో ఉన్నట్టుండి పడిపోయేది. బడివాళ్లు ఫోన్ చేసేవాళ్లు, అక్క కుడుతున్న గుడ్డ అలాగే సూది కింద వదిలేసి పరిగెత్తేది. మర్నాడు తోటి పిల్లలు నేల మీద పడి కొట్టుకుంటున్నట్టు నటించి నవ్వేవాళ్లు. ఒకరోజు అది బడి గేటు దగ్గర చతికిలబడి, చంపినా లోపలికి రానంది. అక్క దాన్ని బతిమాలలేదు, కసరలేదు. చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చేసింది. "చదువు ఇంట్లో రాదా ఏమిటి? నేను చూసుకుంటాను" అంది. ఏడో తరగతితో బడి మానేసి బట్టల కొట్లో చేరిన మనిషి ఆ మాట అంటే నేను పడీ పడీ నవ్వాను.

ఇంట్లో చదివించుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. కాకపోతే దానికో పెద్ద తతంగం ఉంది. ఇన్ని సబ్జెక్టులు, ఒక్కోదానికి ఇన్ని క్రెడిట్లు, సైన్సుకి ప్రయోగాలు, ఏడాది చివర వాళ్లు చెప్పిన చోటికి వెళ్లి పరీక్ష. ఇవన్నీ పూర్తయ్యాక ఆఖరి ఏడు ఒకరు ఇంటికొచ్చి, చదువు నిజంగానే సాగిందా లేదా అని టీచరునీ పిల్లనీ కూర్చోబెట్టి మాట్లాడాలి. వీటన్నిటికంటే ముందు ఇంకో నిబంధన: పాఠం చెప్పే తల్లిగానీ తండ్రిగానీ పన్నెండో తరగతి పాసై ఉండాలి. కౌంటరులో గుమాస్తా ఇదంతా చదివి వినిపించి, "టీచరుగా ఎవరి పేరు రాయమంటారు?" అన్నాడు. అక్క బావ వైపు చూసింది. బావ పన్నెండు పాసయ్యాడు, అదీ రెండో దండయాత్రలో. "ఆయనదే రాయండి" అంది అక్క. బావ ఏదో అనబోయి నీళ్లు నమిలాడు.

ఆ రోజు ఇంటికొచ్చి ఎంత నవ్వుకున్నామో చెప్పలేను. అప్పట్నుంచి సాయంత్రం బావ గుమ్మంలో అడుగు పెట్టగానే అక్కా నేనూ లేచి నిలబడి "హెడ్మాస్టరుగారు దయచేశారు" అనేవాళ్లం. ఆయన గ్రీజు చేతులతోనే "కూర్చోండి, కూర్చోండి" అనేవాడు. అదొక ఆట మాకు. ఆ ఆట మెడకు చుట్టుకుంటుందని మాకేం తెలుసు.

అక్క చదువు చెప్పే తీరు వేరు. నిజానికి చెప్పేది కాదు, చెప్పించుకునేది. తను మిషన్ తొక్కుతూ ఉండేది. పెంకి ఎదురుగా పీట మీద కూర్చుని, పుస్తకంలో ఉన్నది వాళ్లమ్మకు అర్థమయ్యేలా చెప్పాలి. అర్థం కాకపోతే మిషన్ ఆగిపోయేది. "నాకు ఎక్కలేదే. మళ్లీ చెప్పు." అది మళ్లీ చెప్పేది. అప్పటికీ ఎక్కకపోతే పెంకి విసుక్కుని, కాళ్లు నేలకేసి కొట్టి, లైబ్రరీకి పోయి ఇంకో పుస్తకం తెచ్చుకుని, ఇంకో దారిలో మొదలుపెట్టేది. మిషన్ మళ్లీ నడిచిందంటే ఆ పాఠం అయినట్టు. త్రికోణమితి దగ్గర మిషన్ రోజుల తరబడి మొరాయించింది. ఎవరిదో కోటు ఆలస్యమైపోయి ఆవిడ గుమ్మంలో నిలబడి కేకలేస్తుంటే, మా అక్క తాపీగా "కూర్చోండమ్మా, ఈ కోణం సంగతేదో తేలనివ్వండి" అంది. ఆవిడ కూర్చుని, ఆ పాఠం తనూ వింది. మళ్లీ మా ఇంటికి బట్టలు ఇవ్వలేదు.

అమ్మకు అన్నీ తెలుసనీ, తెలియనట్టు నటిస్తోందనీ పెంకి చాలా కాలం అనుకుంది. అదేం కాదు. మా అక్కకు నిజంగానే తెలియదు. తెలియనిదానికి తెలిసినట్టు తలూపడం ఆవిడకు చేతకాదు, అంతే. అందుకే ఆ పిల్లకు చదువు అంత గట్టిగా పట్టుబడింది. పనిలో పనిగా అక్కకూ వచ్చింది. ఉప్పు నీళ్లలో ఎలా విడిపోతుందో ఒకరోజు నాకు కూర చేస్తూ చెప్పింది. నేను వినలేదు, కూర మాడుతోందని గోల పెట్టాను.

మందుల వల్లనో, ఇంట్లో ఉన్న నెమ్మది వల్లనో ఫిట్స్ తగ్గిపోయాయి. కానీ అన్నాళ్లు ఆస్పత్రి చుట్టూ తిరిగి తిరిగి, తలకు తీగలు అంటించి గీతలు తీసే ఆ గది మీద దానికి మనసు పడింది. తీగలు అంటించే అమ్మాయి చల్లటి చేతులతో, ఏమీ కాదని చెబుతూ, జుట్టు లాగకుండా అంటించేదట. "నేనూ అదే పని చేస్తా పిన్నీ. భయపడే పిల్లలు వస్తారు కదా" అనేది. సీటు వచ్చింది ఆ కోర్సులోనే. సర్టిఫికెట్ తెచ్చి చూపిస్తే సీటు ఉంటుంది, లేకపోతే లేదు.

ఆఖరి ఏడు సగంలో అక్కకు కడుపులో గడ్డ అన్నారు. మేము కంగారు పడటం పూర్తయ్యేలోపే అది ముదిరిపోయిందన్నారు. నేను పనిచేసే ఆస్పత్రిలోనే చేర్చాం. ఆవిడ కప్పుకున్న దుప్పట్లు నేను మడతపెట్టి పంపినవే. ప్రతి దుప్పటీ మడత పెడుతూ ఇది ఆవిడ మంచానికి వెళ్లేదేమో అనుకునేదాన్ని, మెత్తగా ఉందో లేదో చెంపకు ఆనించి చూసుకునేదాన్ని.

అప్పటికి పెంకికి కెమిస్ట్రీ ఒక్కటే మిగిలింది. పుస్తకం పట్టుకొచ్చి మంచం పక్కన కూర్చుని చెప్పేది. మిషన్ లేదు కాబట్టి అక్క చూపుడు వేలు దుప్పటి మీద ఆడించేది. వేలు ఆగితే మళ్లీ చెప్పాలి. మందు మత్తులో ఆగిందో, అర్థం కాక ఆగిందో తెలియక పెంకి ప్రతిసారీ మళ్లీ చెప్పేది.

ఒక మధ్యాహ్నం అక్క పాఠం మధ్యలో ఆపి అంది. "ఇదిగో. రేపు ఇనస్పెక్టరమ్మ వస్తే నా పేరెత్తకు. నాన్న చెప్పారను."

పెంకి పుస్తకంలోంచి తలెత్తలేదు.

"వింటున్నావా?"

"చెప్పింది నువ్వు కదమ్మా. నాన్న చెప్పారని ఎలా అంటాను?"

"నోటితో అను. నేను చెప్పానంటే క్రెడిట్లన్నీ కొట్టేస్తారు. మళ్లీ మొదట్నుంచి చదవాలి."

"చదువుతాను."

"ఎవరికి చెబుతావే మళ్లీ?" అంది అక్క. నేను కిటికీ వైపు తిరిగిపోయాను. కాసేపటికి అక్కే అంది. "సరే అను తల్లీ. నాకు నిశ్చింతగా ఉంటుంది."

అది అనలేదు. మర్నాడు కూడా అక్క అడిగింది. ఆ తర్వాతా అడిగింది. "నువ్వైనా చెప్పవే దానికి" అని నన్ను బతిమాలింది. మాట సరిగ్గా రాని రోజుల్లో కూడా దాని చెయ్యి పట్టుకుని "అంటావుగా?" అంది. పెంకి పట్టుకున్న చెయ్యి వదల్లేదు, మాట మాత్రం ఇవ్వలేదు. మా అక్క అలాగే పోయింది.

మిగిలిన కెమిస్ట్రీ పెంకి మిషన్ ఎదురుగా కూర్చుని ఒక్కతే పూర్తి చేసింది. పైకి చెప్పేది, ఆగేది, మళ్లీ చెప్పేది. పాఠం అయిందని దానికి ఎలా తెలిసేదో నేను అడగలేదు. పరీక్ష రాసి మంచి మార్కులతో పాసైంది. ఇక ఇనస్పెక్టరమ్మ రావడమే తరువాయి.

ఆవిడ టీచరును కూడా నాలుగు ప్రశ్నలు అడుగుతుంది కాబట్టి, హెడ్మాస్టరుగారు పాఠాలు నేర్చుకోవాల్సి వచ్చింది. నేర్పింది పెంకే. బావ పని నుంచి వచ్చి, టీ తాగి, దాని ఎదురుగా కూర్చుని, అది ఏం చెప్పినా "ఆఁ, సరే, సరే" అనేవాడు.

"ఏం సరే నాన్నా? ఇప్పుడు చెప్పింది నువ్వు చెప్పు."

బావ బిక్కమొహం వేసేవాడు.

"అర్థం కాకపోతే కాలేదని చెప్పు. అమ్మ చెప్పేది."

"మీ అమ్మకు ధైర్యం ఎక్కువమ్మా" అన్నాడు బావ.

అది ఇంత శ్రద్ధగా నేర్పిస్తుంటే దారికొచ్చిందనుకుని నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే ఆ మాట అంటావన్నమాట" అన్నాను.

"నాన్న ఆవిడ ముందు తలదించుకోకూడదని నేర్పిస్తున్నాను. నన్ను అడిగితే మాత్రం అమ్మే చెప్పిందంటాను."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నీ తలకాయ. నువ్వు నిజం చెప్పాక నాన్న తల ఎక్కడ పెట్టుకుంటాడే? మీ అమ్మ పోతూ పోతూ అడిగింది ఆ ఒక్కటే. నాలుగేళ్లు కళ్లు పోయేలా కుట్టి, నీ దగ్గర పాఠాలు చెప్పించుకుంది ఇలా మట్టిలో కలపడానికా?"

"ఎక్కడా అమ్మ పేరు లేదు పిన్నీ" అంది పెంకి. దాని గొంతు పెరగలేదు. అందుకే నాకు భయం వేసింది. "మార్కుల కాగితాల మీద నాన్న పేరుంది. క్రెడిట్ల దగ్గర నాన్న పేరుంది. రేపు సర్టిఫికెట్ మీదా అదే ఉంటుంది. ఎవరో ఒకరు నా మొహం చూసి, నీకు ఎవరు చెప్పారని అడిగేది ఆ ఒక్కసారే. అప్పుడు కూడా అమ్మ కాదని నేనే అంటే, ఇంక అమ్మ చెప్పినట్టు ఎక్కడుంటుంది?"

నేను ఊరుకునే రకం కాదు కదా. "అయితే మీ అమ్మ పేరు నోట్లో పెట్టుకుని ఇంట్లో కూర్చో. ఆ తీగలు ఇంకెవరో అంటిస్తారు" అన్నాను.

బావ మధ్యలో దూరాడు. "దాన్ని వదిలెయ్యమ్మా. నిజం చెప్పినా నేనేమీ అనుకోను. నాకూ అదే బాగుంటుంది."

"నీకు బాగుంటుంది బావా. దానికి బతుకు ఉండొద్దా?" అన్నాను. ఆ రోజు ముగ్గురం తినకుండానే లేచిపోయాం.

ఇనస్పెక్టరమ్మ వచ్చిన రోజున మా భవనంలో లిఫ్టు పనిచేయలేదు. ఊళ్లో లిఫ్టులన్నీ బాగుచేసే మనిషి ఉన్న ఇంటికి మెట్లెక్కి రావడం మా ఖర్మ. యజమాని విడిభాగాలు తెప్పించడు. ఆవిడ మోకాళ్లు పట్టుకుని ఆయాసపడుతూ వచ్చింది. నేను మంచినీళ్లిచ్చాను. పొగరుబోతు మనిషి వస్తే బాగుండునని మనసులో అనుకున్నాను, అబద్ధం చెప్పడం తేలికవుతుందని. మంచావిడ వచ్చింది. నీళ్లు తాగి, గ్లాసు తనే తీసుకొచ్చి వంటింటి గట్టు మీద పెట్టింది.

పెంకి చేసిన ప్రయోగాలు చూసింది, మార్కులు చూసింది, సంతోషించింది. బావ వైపు తిరిగి, "మీరు పనికి వెళ్తూ ఇవన్నీ ఎలా చెప్పగలిగారండీ?" అని అడిగింది. నేను వంటింటి గుమ్మంలో టీ కప్పులు పట్టుకుని నిలబడ్డాను. ఈయన నీళ్లు నములుతాడు, పుట్టి మునుగుతుంది అనుకున్నాను.

బావ చేతుల వైపు చూసుకుంటూ చెప్పాడు. "నేను పెద్దగా చెప్పనండి. నా పని నేను చేసుకుంటూ ఉంటాను. అది నాకు చెబుతుంది. నాకు ఎక్కకపోతే పని ఆపేస్తాను. మళ్లీ చెబుతుంది. అర్థమైతే మళ్లీ పని మొదలుపెడతాను. నాకు తెలియనిది తెలిసిందని ఎప్పుడూ అనలేదండి. అంతేనండి."

అక్కతో పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం నేను వినలేదు. ఆ మాటల్లో ఉన్నదంతా మా అక్కే. పెంకి వాళ్ల నాన్న మొహంలోకి అలాగే చూస్తూ ఉండిపోయింది.

"ఎంత బాగా చెప్పారండీ" అంది ఆవిడ. "పిల్ల ఎందుకింత గట్టిగా ఉందో ఇప్పుడు తెలిసింది." తర్వాత పెంకి వైపు తిరిగింది. "ఇది నిబంధనమ్మా, నీ నోటితో చెప్పాలి. పాఠాలన్నీ నాన్నగారే చెప్పారా?"

పెంకి మిషన్ వైపు చూసింది. నేను కప్పులు గట్టు మీద పెట్టేశాను. అను తల్లీ, అను తల్లీ అని లోపల్లోపల మొక్కుకుంటున్నాను. అంటుందేమోనని కూడా నా గుండె పీకుతోంది. రెండూ నిజమే.

"నాన్నగారే చెప్పారండి" అంది.

"అమ్మగారు కూడా సాయం చేసేవారా?" అంది ఆవిడ, మామూలుగా, మర్యాదకు అడిగినట్టు.

"అమ్మ పోయిందండి."

"అయ్యో. నాకు తెలియదు తల్లీ." ఆవిడ కలం పక్కన పెట్టేసింది. నిజంగానే బాధపడింది. "ఉన్నప్పుడు ఆవిడ కూడా నీ చదువు చూసేవారేమో కదా?"

అక్కడితో ఊరుకున్నా సరిపోయేది. చూసేదండి అన్నా కొంప మునిగేది కాదు, ఏ తల్లి చూడదు? కానీ అది నాలుగేళ్ల చదువునూ రెండు చేతులతో కాపాడుకుంటోంది. ఎక్కడా సందు వదలదలచుకోలేదు.

"లేదండి" అంది పెంకి. "అమ్మకు చదువు రాదు. అక్షరం ముక్క రాదు. బట్టలు కుట్టేది."

బావ గోడ వైపు తిరిగాడు. ఇనస్పెక్టరమ్మ అదంతా పోయిన భార్య కోసం అనుకుంది, తప్పేం లేదు. లేచి ఆయన దగ్గరికి వెళ్లి, "ఇంత దుఃఖంలోనూ ఒంటిచేత్తో పిల్లను ఒడ్డుకు చేర్చారు. మీలాంటి టీచరును నేను చూడలేదండీ" అని చెయ్యి చాచింది. బావ చెయ్యి ఇచ్చాడు. ఇవ్వక ఏం చేస్తాడు. "థాంక్సండి" అన్నాడు. ఆ మాట బయటికి రావడానికి ఆయన పడ్డ కష్టం నేను చూశాను.

సంతకాలయ్యాయి. సర్టిఫికెట్ త్వరలోనే వస్తుందని చెప్పి, ఆవిడ మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆవిడను కిందిదాకా దిగబెడతానని బావ వెంట వెళ్లాడు, చాలాసేపు పైకి రాలేదు.

గెలిచాం. నేను కోరుకున్నట్టే జరిగింది. అక్క కోరుకున్నదీ అదే. పెంకి మిషన్ పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఏడుస్తుందేమోనని వెళ్లాను. ఏడవడం లేదు.

"గట్టెక్కేశావే" అన్నాను, వీపు మీద చెయ్యి వేసి.

"ఏడో తరగతి దాకా చదివింది కదా పిన్నీ" అంది. "అది కూడా తీసేశాను. ఉందంటే ఇంకో ప్రశ్న అడుగుతుందేమోనని."

"నువ్వేం తప్పు చేయలేదు. మీ అమ్మ చెప్పమన్నదే చెప్పావు."

"అవును." అది తల ఊపింది. "ఎలాగూ చెప్పాను కదా."

ఇంకేదో చెబుతుందని చూశాను.

"చెయ్యి పట్టుకుని అడిగింది పిన్నీ. అన్నిసార్లు అడిగింది. అప్పుడే సరే అని ఉంటే నిశ్చింతగా పోయేది కదా. నేను ఇవాళ అనబోతున్నానని అప్పుడు నాకే తెలియదు. నేను అననేమో, నా చదువు పోతుందేమో అనుకుంటూనే అమ్మ పోయింది."

అది నా ఒళ్లో తల పెట్టుకుని, అమ్మ పోయిన రోజున కూడా ఏడవనంతగా ఏడ్చింది. నేనూ ఏడ్చాను.